ఆకాశంలో మొహమాటం

మన పత్రికల్లో తరచూ కనబడే వార్త ఒకటుంది: ‘సాంకేతిక లోపంతో విమానం వెనక్కి, ప్రయాణికులు క్షేమం.’ లోపలి పేజీలో నాలుగు లైన్లు. చదివినవాడు కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు మరిచిపోతాడు. 2024 అక్టోబర్ 11 సాయంత్రం మాత్రం ఆ వార్త నాలుగు లైన్లలో ఇమడలేదు. తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో హైడ్రాలిక్ లోపం బయటపడింది. 141 మంది ప్రయాణికులతో అది రెండు గంటలకు పైగా ఆ ఊరి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ‘దింపకుండా ఊరికే తిప్పుతారేమిటి?’ అన్నదే అందరి ప్రశ్న. జవాబు తూకంలో ఉంది. బోయింగ్ 737కి గాల్లో ఇంధనం ఒలకబోసే ఏర్పాటు లేదు. నిండు ట్యాంకులతో దిగితే బరువు హద్దు మీరుతుంది. కాబట్టి తిరిగి తిరిగి కాల్చాల్సిందే. రాత్రి ఎనిమిది దాటాక అది మామూలు విమానంలాగే వచ్చి దిగింది.

ఇలాంటప్పుడు పైలట్‌కీ కింద కంట్రోలర్‌కీ మధ్య నడిచే సంభాషణలు వింటే, సినిమాలు చూసి వచ్చినవాళ్లకు నిరాశే. అంత చప్పగా ఉంటాయి. ఎత్తెంత, దిక్కేది, ఇంధనం ఎన్ని నిమిషాలకు వస్తుంది, ఎంతమంది ఉన్నారు... రేషన్ షాపు లెక్కల్లా సాగిపోతాయి. ఆ చప్పదనం సంపాదించడానికి విమానయానానికి వందేళ్లు పట్టింది. యంత్రాలు చెడిపోవడం మొదటిరోజు నుంచీ ఉన్నదే. ‘చెడిపోయింది’ అని నోరు తెరిచి చెప్పడం, విన్నవాడు ‘సరిగా చెప్పు’ అని గట్టిగా అడగడం, ఈ రెండే ఆలస్యంగా వచ్చాయి. మధ్యలో అడ్డుపడింది మనకు బాగా తెలిసిన గుణం, మొహమాటం. ఇంగ్లిషువాడికి దానికి సరైన మాట లేదు గానీ, ఆ గుణం మాత్రం అన్ని దేశాల కాక్‌పిట్లలోనూ ఉంది.

మొదట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో బయల్దేరిన జె.ఆర్.డి. టాటా విమానంలో రేడియో లేదు. ఇంజిన్ దగ్గితే ఆ దగ్గు పైలట్ చెవిన పడాలి, కింద చదునైన నేల కంట పడాలి. అంతకుమించి సాయం లేదు. అమెరికాలో సెయింట్ లూయీ విమానాశ్రయంలో 1929లో కొలువుకు కుదిరిన ఆర్చీ లీగ్‌ని ఆ దేశపు మొదటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చెప్పుకుంటారు. ఆయన ‘టవర్’ ఒక తోపుడు బండి. అందులో మడత కుర్చీ, ఎండకు గొడుగు, మధ్యాహ్నం తిండి, రెండు జెండాలు. ఎర్ర జెండా ఊపితే ఆగాలి, గళ్ల జెండా ఊపితే కదలాలి. మరి పైలట్ తన గోడు చెప్పుకోవాలంటే? దానికి జెండా లేదు.

గోడు చెప్పుకునే మాట పుట్టింది లండన్ శివారు క్రాయ్‌డన్‌లో. 1920ల మొదట్లో అక్కడి విమానాల రాకపోకలు ఎక్కువగా పారిస్ దగ్గరి లె బుర్జే విమానాశ్రయంతోనే సాగేవి. ఓడలవాళ్ల ‘ఎస్.ఓ.ఎస్.’ తంతి చప్పుళ్లకు సరిపోయింది గానీ, గరగరలాడే రేడియోలో ‘ఎస్’ అక్షరం తేలిగ్గా కలిసిపోయేది. ఇంగ్లిషువాడికీ ఫ్రెంచివాడికీ చప్పున అర్థమయ్యే మాట ఒకటి చూడమని క్రాయ్‌డన్ రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్‌కి పని అప్పగించారు. ‘నాకు సాయం చేయండి’ అనే అర్థంలోని ఫ్రెంచి పలుకు నుంచి ఆయన ‘మేడే’ని తయారుచేశాడు. 1927 వాషింగ్టన్ రేడియో ఒడంబడికతో అది లోకమంతటి మాట అయింది. మూడుసార్లు అనాలి, పొరపాటున చెవిన పడ్డ మాట అనుకోకుండా. దానికి ఒక చెల్లెలు కూడా ఉంది, ‘పాన్ పాన్’. ఫ్రెంచిలో ‘పాన్’ అంటే యంత్రం చెడి ఆగిపోవడం. ప్రాణం మీదికి వస్తే మేడే. తొందర ఉంది గానీ ఇంకా అంతవరకు రాకపోతే పాన్ పాన్. మన పత్రికల ‘సాంకేతిక లోపం’ ఆ రెండో మాటకు దాదాపు అనువాదమే.

మాటైతే పుట్టింది, దాన్ని వాడే ధైర్యం పుట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ లోపు రెండు ఏర్పాట్లు వచ్చాయి. 1935 డిసెంబర్‌లో విమాన సంస్థలే కలిసి అమెరికాలోని నెవార్క్‌లో దారి నియంత్రణ కేంద్రం తెరిచాయి. నల్లబల్ల మీద రాతలు, పటం మీద జరుపుకునే చిన్న బిళ్లలు. తమాషా ఏమిటంటే అక్కడి కంట్రోలర్ పైలట్‌తో నేరుగా మాట్లాడలేడు. సంస్థ మనిషికి చెబితే, అతను రేడియోలో పైకి అందిస్తాడు. పెళ్లి సంబంధం మాట్లాడినట్టు అంతా మధ్యవర్తి చేతుల్లోనే.

రెండోది అదే ఏడాది అక్టోబర్ 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో జరిగిన ప్రమాదంతో వచ్చింది. బోయింగ్ 299 అనే కొత్త బాంబర్ లేచీ లేవగానే కూలింది. ఇంజిన్లలో లోపం లేదు. నేల మీద నిలిపినప్పుడు గాలికి ఊగకుండా తోక పలకలకు వేసే గొళ్లెం తీయడం మరిచిపోయారు, అంతే. నడిపింది సైన్యంలో ఆరితేరిన మేజర్ ప్లోయర్ హిల్. ఆయన, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ ఇద్దరూ చనిపోయారు. ఇంత పెద్ద యంత్రం ఒక మనిషి జ్ఞాపకశక్తికి మించినదని సైన్యం ఒప్పుకుంది. అలా చెక్‌లిస్ట్ పుట్టింది. ఇప్పటికీ వేల గంటలు ఎగిరిన కెప్టెన్ సైతం ‘గేర్ డౌన్?’ అని కాగితం చూసే అడుగుతాడు. ఆరితేరినవాడు కూడా మరిచిపోతాడని సిగ్గుపడకుండా రాసుకున్న వృత్తులు ఎక్కువ లేవు. వైద్యులు ఆపరేషన్ బల్ల దగ్గర అలాంటి కాగితం పెట్టుకోవడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన రాత్రి 1956 అక్టోబర్ 15, 16 మధ్యది. హొనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 31 మందితో వస్తున్న పాన్ అమెరికన్ స్ట్రాటోక్రూజర్‌కి నడిసముద్రంలో ఒక ఇంజిన్ అదుపు తప్పింది. దాని పంకా రెక్కల్ని గాలికి ఎదురు లేకుండా మడవలేకపోయారు. అవి గాలిని కోస్తూ విమానాన్ని వెనక్కి లాగసాగాయి. తర్వాత ఇంకో ఇంజిన్ కూడా పోయింది. ఏ తీరానికీ ఇంధనం చాలదని కెప్టెన్ రిచర్డ్ ఓగ్‌కి లెక్క తేలిపోయింది. ఆ రోజుల్లో సముద్రం మధ్యలో అమెరికా తీర రక్షక దళపు ఓడలు కాపలా కాసేవి. వాతావరణం చెప్పడానికి, దారి చూపడానికి, ఇలాంటి ఆపదలో అండగా ఉండడానికి. ఓగ్ వెళ్లి ‘పాంచర్‌ట్రెయిన్’ అనే అటువంటి ఓడను కలిశాడు. కలిసి, వెంటనే దిగలేదు. తెల్లవారేదాకా దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు! ఓడ కెప్టెన్ అలల తీరు చెప్పాడు, ఏ దిక్కున దిగితే మంచిదో చెప్పాడు, నీటి మీద నురగతో దారి గీశాడు. అంతకు ముందు ఏడాది ఇదే రకం విమానం నీటిలో దిగినప్పుడు తోక విరిగిందని ఓగ్‌కి తెలుసు. అందుకని వెనుక సీట్లవాళ్లందరినీ ముందుకు జరిపించాడు. ఉదయం ఎనిమిది దాటాక దిగాడు. అన్నట్టే తోక విరిగింది. 31 మందీ బతికారు. సరుకు గదిలోని కెనరీ పిట్టలు మాత్రం మునిగిపోయాయి.

రాత్రంతా ఆ విమానానికీ ఓడకీ మధ్య నడిచింది మొహమాటం లేని మాట. చేతకానిది చేతకాదన్నారు, చేయగలిగింది చెప్పారు. తొందరపడకుండా తెల్లవారడం కోసం కాచుకున్నారు. తిరుచ్చి మీద తిరిగిన ప్రదక్షిణలకు ఈ రాత్రి తాతయ్య వరస అవుతుంది.

అయితే జెట్ విమానాలు వచ్చాక కాక్‌పిట్లో పెద్దరికం కూడా పెరిగింది. కెప్టెన్ అంటే ఉమ్మడి కుటుంబపు పెద్ద. ఆయన మాటకు ఎదురు లేదు. ఇక మొహమాటం ఫలితం 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ పక్కన ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కనబడింది. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401, కొత్త ట్రైస్టార్. దిగబోతుంటే ముందు చక్రం పడిందని చెప్పే చిన్న పచ్చలైటు వెలగలేదు. చక్రం పడలేదా, బల్బు మాడిందా? రెండు వేల అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కి అప్పజెప్పి, కాక్‌పిట్లో ఉన్న నలుగురూ ఆ బల్బు మీద పడ్డారు. ఆ హడావిడిలో ఎవరో కంట్రోల్ కాడిని కాస్త నొక్కడంతో ఎత్తును పట్టి ఉంచే అమరిక వదిలేసింది. విమానం మెల్లగా, మెత్తగా కిందికి జారసాగింది.

కింద రాడార్ దగ్గరి కంట్రోలర్‌కి తెర మీద తొమ్మిది వందల అడుగులు కనబడింది. ఉండాల్సింది రెండువేలు. ఆ రోజుల్లో తెర మీది ఎత్తు అంకె ఒక్కోసారి తప్పు చూపడం మామూలే. ‘నువ్వు కిందికి జారుతున్నావు’ అనకుండా ఆయన పనులెలా సాగుతున్నాయని అడిగాడు. మనం ఇంటికి వచ్చిన చుట్టాన్ని ‘ఏమిటి విశేషాలు’ అన్నట్టు. బాగానే ఉంది, తిరిగి వస్తామని పైనుంచి జవాబు. అర నిమిషానికి విమానం నేలను తాకింది. 176 మందిలో 101 మంది పోయారు. దర్యాప్తులో చక్రం సరిగానే పడి ఉందని తేలింది. మాడింది బల్బే.

ఆ కంట్రోలర్‌ని తప్పు పట్టడం తేలిక. ఎత్తు చూసుకునే బాధ్యత అప్పటి నిబంధనల ప్రకారం పూర్తిగా పైలట్‌దే. ఆయన తన హద్దు దాటకుండా మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదే ప్రాణాంతకమైంది. తర్వాత రాడార్లకే ఒక నోరు పెట్టారు. విమానం ఉండాల్సిన ఎత్తుకన్నా కిందికి వస్తే తెర మీద మెరిసి మోగే హెచ్చరిక. మనిషి మొహమాటపడితే యంత్రమైనా అరుస్తుందని.

ఆరేళ్లకు, 1978 డిసెంబర్ 28న, ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ మీద మళ్లీ చక్రాల పేచీ. యునైటెడ్ 173, డీసీ-8. చక్రాల సంగతి తేల్చుకోవడానికి, ప్రయాణికుల్ని సిద్ధం చేయడానికి కెప్టెన్ గంటసేపు చుట్టూ తిప్పాడు. ఇంధనం అడుగంటుతోందని పక్కనున్న ఫ్లైట్ ఇంజినీర్ చెప్పాడు. చెప్పాడు గానీ, పెద్దాయన పనిలో ఉన్నప్పుడు చిన్నవాళ్లు చెప్పే తీరులో చెప్పాడు. ఇంజిన్లు ఒక్కొక్కటే ఆరిపోయి విమానం ఊరి చివర కూలింది. 189 మందిలో పదిమంది చనిపోయారు, అందులో ఆ ఇంజినీర్ కూడా ఒకడు. దీని తర్వాతే 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ తన పైలట్లకు కొత్త శిక్షణ మొదలుపెట్టింది. ఇవాళ దాన్ని క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. పేరు గంభీరం గానీ సారం ఇంతే: పెద్దవాడు వినడం నేర్చుకోవాలి, చిన్నవాడు గట్టిగా చెప్పడం నేర్చుకోవాలి. ‘సార్’ అనకుండా వాక్యం ముగియని మనలాంటి చోట ఈ పాఠానికి కొంచెం ఎక్కువ గంటలే కేటాయించాలి.

ఆపదలో భాష ఎంత పెద్ద సమస్యో 1980లలో తెలిసింది. 1982 జూన్ 24 రాత్రి జావా దీవి మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో అగ్నిపర్వతపు బూడిదలోకి దూరింది. నాలుగు ఇంజిన్లూ ఆగాయి. ఆ సంగతి జకార్తాకు చెబితే అక్కడివాళ్లు నాలుగో నంబరు ఇంజిన్ ఆగిందనుకున్నారు! నాలుగుకూ నాలుగోదానికీ మధ్య ఉన్న తేడాలో 263 ప్రాణాలు వేలాడుతున్నాయి. దగ్గర్లో ఎగురుతున్న గరుడ ఇండొనేసియా విమానం మధ్యవర్తిగా విడమరచి చెప్పాకగాని వాళ్లకు అర్థం కాలేదు. బూడిద పొర దాటి కిందికి వచ్చాక ఇంజిన్లు మళ్లీ అంటుకున్నాయి, కెప్టెన్ ఎరిక్ మూడీ జకార్తాలోనే దించాడు.

1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 టోక్యో నుంచి లేచిన కాసేపటికే వెనుక గోడ పగిలి, తోక నిలువు రెక్కలో చాలా భాగాన్ని, హైడ్రాలిక్ వ్యవస్థల్ని మొత్తంగా పోగొట్టుకుంది. కెప్టెన్ మసామి తకహామా అరగంటకు పైగా ఇంజిన్ల హెచ్చుతగ్గులతోనే దాన్ని గాల్లో నిలిపాడు. టోక్యో కంట్రోలర్ చేసిన రెండు పనులు గుర్తుంచుకోదగ్గవి. ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న మిగతా విమానాల్ని మౌనంగా ఉండమన్నాడు. ఇక మీదట జపనీస్‌లో మాట్లాడవచ్చని 123కి చెప్పాడు. నిబంధనల భాష ఇంగ్లిషే, కానీ గొంతు ఎండిపోయినప్పుడు నోటికి వచ్చేది అమ్మభాష. 524 మందిలో 520 మంది కొండల్లో చనిపోయారు. ఏ కంట్రోలరూ కాపాడగలిగిన విమానం కాదది. అయినా ఆ అరగంట వృథా పోలేదు. దాని గురించి తర్వాత వస్తుంది.

1990 జనవరి 25న న్యూయార్క్ మంచులో, మొహమాటమూ భాషా కలిసి ఒక బోయింగ్ 707ని కూల్చాయి. కొలంబియా నుంచి వచ్చిన అవియాంకా 52ని రద్దీ వల్ల మూడు చోట్ల గాల్లో ఆపారు, మొత్తం 77 నిమిషాలు. ఇంధనం తరిగిపోతోంది. ఇంగ్లిషు మాట్లాడేది కో-పైలట్. ‘ప్రయారిటీ’ కావాలన్నాడు, ఇంధనం అయిపోతోందన్నాడు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ స్పానిష్‌లో అడుగుతూనే ఉన్నాడు. రేడియోలో ఆ మాట రాలేదు, మేడే అసలు రాలేదు. రద్దీ సాయంత్రం న్యూయార్క్ కంట్రోలర్‌కి ప్రతివాడూ తొందరగా దిగాలనే అంటాడు. ‘ప్రయారిటీ’ అతని చెవికి మామూలు మాట. ఒకసారి దిగలేక పైకి లేచి మళ్లీ తిరిగివస్తుండగా నాలుగు ఇంజిన్లూ ఆరిపోయాయి. 158 మందిలో 73 మంది పోయారు. ఇంధనం గురించి ఏ మాట అంటే కింద ఏ పని జరగాలో అంతర్జాతీయంగా తేల్చి రాసుకోవడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. ‘మినిమమ్ ఫ్యూయెల్’ అంటే ఇంక ఆలస్యం భరించలేనని ముందుజాగ్రత్త. ‘మేడే ఫ్యూయెల్’ అంటే అందర్నీ పక్కకు తప్పించి నాకు దారి ఇవ్వమని.

మొహమాటం కాక్‌పిట్ తలుపు బయట కూడా ఉంటుంది. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర కూలిన బ్రిటిష్ మిడ్లాండ్ 737లో చెడింది ఎడమ ఇంజిన్, పైలట్లు ఆపింది కుడి ఇంజిన్. కుడి ఇంజిన్ ఆపామని కెప్టెన్ మైకులో ప్రకటించాడు. ఎడమ వైపు మంటలు చూసిన ప్రయాణికులు వెనుక కూర్చునే ఉన్నారు. ఒక్కరూ లేచి ‘అది కాదండీ, ఇటుది’ అనలేదు. పెద్దవాళ్లకు తెలియదా అనుకున్నారు. పైలట్లు ఒక దశలో జరిగిందంతా మళ్లీ ఒకసారి సరిచూసుకోబోతే, మధ్యలో రేడియో మాట వచ్చి అది ఆగిపోయింది. 47 మంది చనిపోయారు. చెప్పాల్సింది చెప్పకపోవడం ఒక తప్పు, చెప్పనక్కర్లేనిది చెప్పి చెవి నింపడం ఇంకో తప్పు. ఒక్క విమానంలోనే రెండూ జరిగాయి.

అదే 1989 జూలై 19న, అమెరికా నడిమధ్యన అయోవా మొక్కజొన్న పొలాల మీద, అంతవరకు నేర్చుకున్నదంతా ఒకచోట పనికొచ్చింది. యునైటెడ్ 232, డీసీ-10, 296 మంది. 37 వేల అడుగుల ఎత్తులో తోక ఇంజిన్‌లోని పెద్ద పళ్లెం బద్దలై, దాని ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్నీ తెంచేశాయి. స్టీరింగ్ ఉంది, దానికి దేంతోనూ సంబంధం లేదు. కెప్టెన్ అల్ హేన్స్ తన పెద్దరికాన్ని పక్కన పెట్టాడు. ప్రయాణికుల్లో ఉన్న శిక్షకుడు డెన్నిస్ ఫిచ్‌ని కాక్‌పిట్లోకి రానిచ్చి, రెండు ఇంజిన్ల థ్రాటిళ్లు అతని చేతికిచ్చాడు. జపాన్ 123 సంగతి చదివి, అలాంటి స్థితిలో విమానం నడిపించవచ్చా అని ఫిచ్ సిమ్యులేటర్లో ప్రయత్నించి చూసినవాడు. టోక్యో పైలట్ల అరగంట అయోవాలో ఇలా అక్కరకొచ్చింది.

సూ సిటీ టవర్లో కెవిన్ బాక్‌మన్. విమానం కుడివైపుకే తిరుగుతోంది; అందుకు తగ్గట్టే దారి చెప్పాడు. ఊరి మీది నుంచి కాకుండా చూశాడు. మూసేసి ఉన్న రన్‌వేకే అది వస్తోందని తెలిసి, దాని మీద నిలబెట్టిన ఫైరింజన్లను చివరి నిమిషాల్లో తప్పించారు. ఏ రన్‌వే మీదైనా దిగవచ్చని బాక్‌మన్ అంటే, ‘రన్‌వే మీదే దిగాలని మరీ పట్టింపా’ అని హేన్స్ నవ్వాడు. చావు ముందు జోకు వేసే ధైర్యం గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం అందులో వినిపించేది ధైర్యం కన్నా చనువు. 44 నిమిషాల్లో ఇద్దరు అపరిచితుల మధ్య మొహమాటం పోయిందనడానికి గుర్తు. విమానం రెక్క తగిలి బద్దలై మొక్కజొన్నల్లోకి దొర్లింది. 112 మంది పోయారు, 184 మంది బతికారు. తర్వాత సిమ్యులేటర్లలో ఎంతోమంది పైలట్లు ప్రయత్నించారు. అదే స్థితిలో దాన్ని క్షేమంగా దించడం సాధ్యం కాలేదు.

మన గడ్డ మీద కథ 1993 నవంబర్ 15ది. మద్రాసు నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300, విమానంలో 262 మంది. చిత్రసీమ ఇంకా రెండు ఊళ్ల మధ్య తిరుగుతున్న రోజులు కాబట్టి చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి సహా సినిమావాళ్లు చాలామంది అందులో ఉన్నారు. బేగంపేటలో రన్‌వే సరిగా కనబడక దిగకుండా పైకి లేచారు. అక్కడ వచ్చింది చిక్కు. దిగేటప్పుడు రెక్కల వెనుక కిందికి దించే పలకలు, ఫ్లాప్స్, పూర్తిగా లోపలికి పోలేదు. చూడ్డానికి అదేమంత పెద్ద లోపం కాదు. ఇంజిన్లు బాగున్నాయి, చక్రాలు బాగున్నాయి. కానీ ఫ్లాప్స్ వేలాడుతుంటే విమానం ఎత్తుకు పోలేదు, వేగంగా పోలేదు, తాగే ఇంధనం మాత్రం ఎక్కువ. గొడుగు తెరిచి ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు. లోపాన్ని సరిచేయాలని, ఇంకో దారి చూడాలని కొంతసేపు గడిచింది. చివరికి మద్రాసుకే తిరుగుముఖం పట్టారు. దారిలో లెక్క చూస్తే మద్రాసు అందదు. తిరుపతికి మళ్లారు, అది కూడా అందక ఆ దగ్గర్లోని పొలంలో దించేశారు. విమానం మళ్లీ ఎగరలేదు. 262 మందీ బతికారు.

ఆ వార్తను మన పత్రికలు తారల వార్తగా, వెంకన్న దయగా రాశాయి. నిజానికి అది కూడిక తీసివేతల వార్త. యంత్రంలో ఏది చెడినా గాల్లో చివరికి అది ఇంధనం లెక్కగా మారుతుందని ఇంత నేరుగా చూపించిన సంఘటన ఇంకొకటి దొరకడం కష్టం. ఆపద అనగానే కంట్రోలర్ అడిగే రెండు ప్రశ్నల్లో ఒకటి ఇంధనం ఎంత అని. రెండోది లోపల ఎన్ని ప్రాణాలు అని. ప్రయాణికులెంతమంది అని అడగరు, ప్రాణాలనే లెక్క. చంటిపిల్లలు, సిబ్బంది అందరూ అందులో వస్తారు. ఫైరింజన్లవాళ్లకు కావల్సింది ఆ అంకె.

చెక్‌లిస్ట్ కాగితాన్ని నమ్మడంలోని ప్రమాదం 1998 సెప్టెంబర్ 2న తెలిసింది. కాక్‌పిట్లో పొగతో ‘పాన్ పాన్’ అన్న స్విస్ఎయిర్ 111, హాలిఫాక్స్‌కి దగ్గర్లోనే ఉండి కూడా, చెక్‌లిస్ట్ చదువుతూ, ఇంధనం ఒలకబోయడానికి సముద్రం వైపు తిరిగి, 229 మందితో కూలిపోయింది. వెంటనే దిగడానికి ప్రయత్నించినా బహుశా చేరేది కాదని దర్యాప్తు చెప్పింది. అయినా పొగ వస్తే ముందు నేల చూసుకో అని చెక్‌లిస్టులు తిరగరాశారు.

కంట్రోలర్ల వైపు కూడా ఈ పాఠాలన్నీ ఒక కుదురుకు వచ్చాయి. ఐరోపాలో శిక్షణకు వాడే ‘అసిస్ట్’ అనే గుర్తుమాటలో ఆరు పనులున్నాయి: విన్నానని చెప్పు, మిగతా విమానాల్ని దూరం చెయ్యి, ఆ ఫ్రీక్వెన్సీలో నిశ్శబ్దం ఉంచు, సంబంధించిన వాళ్లందరికీ తెలియజెయ్యి, అడిగిన సాయం అందించు, పైలట్‌కి టైమివ్వు. నాకు నచ్చేది చివరిది. సాయం చేసేవాడికి ఊరుకోవడమే అన్నింటికన్నా కష్టమైన పని. గజేంద్రుడి మొర విన్న వైకుంఠవాసి పక్కనున్న లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తాడు. టవర్లో ఉన్నవాడు అలా చేస్తే ఉద్యోగం పోతుంది. అతను ముందు అందరికీ చెప్పాలి. సూపర్‌వైజర్‌కి, పక్క సెక్టార్‌కి, అగ్నిమాపక దళానికి. మన విమానాశ్రయాల్లో దాన్ని బట్టి ‘లోకల్ స్టాండ్‌బై’ అనో ‘ఫుల్ ఎమర్జెన్సీ’ అనో ప్రకటిస్తారు. ప్రయాగరాజ్‌లోనూ మన బేగంపేటలోనూ కంట్రోలర్లకు శిక్షణ కేంద్రాలున్నాయి. అక్కడ సిమ్యులేటర్ తెర మీద ఊహా విమానాలు రోజూ చెడిపోతూనే ఉంటాయి. పైలట్ల వైపు ఆ నియమం ఇంకా పొట్టిది: ముందు ఎగురు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. ఇంజిన్ పోయిన పైలట్ అర నిమిషం జవాబివ్వకపోతే అది పొగరు కాదని రెండోవైపు ఉన్నవాడికి తెలిసి ఉండాలి.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఆ అర నిమిషాలకు కూడా చోటు లేకపోయింది. లగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549కి పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి. అక్కడి నుంచి నీటిని తాకేదాకా 208 సెకన్లు. కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్ తెరిచిన చెక్‌లిస్ట్ చాలా ఎత్తులో ఇంజిన్లు ఆగితే వాడేందుకు రాసింది. దాన్ని పూర్తిచేసే టైమే లేదు. కంట్రోలర్ పాట్రిక్ హార్టెన్ ఒక రన్‌వే ఇచ్చాడు, కుదరదంటే ఇంకోటి ఇచ్చాడు, పక్క ఊరి విమానాశ్రయాన్ని కూడా ఒప్పించాడు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నదిలో దిగుతున్నామన్నాడు. హార్టెన్ మళ్లీ చెప్పమన్నాడు. వినబడక కాదు, చెవులు ఒప్పుకోక. 155 మందీ బతికారు. కానీ ఆ సంగతి వెంటనే హార్టెన్‌కి తెలియదు. వాళ్లతో మాట్లాడిన చివరి మనిషిని నేనేనని అప్పుడు అనుకున్నానని ఆయన తర్వాత అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పాడు. సినిమా తీసింది పైలట్ మీద. కంట్రోలర్ ఎప్పుడూ ఫోన్లో వినిపించే గొంతే.

మరుసటి ఏడాది నవంబర్ 4న సింగపూర్ నుంచి లేచిన క్వాంటాస్ ఏ380లో ఇంజిన్ పేలితే, కాక్‌పిట్ తెర మీద లోపాల చిట్టా ఆగకుండా వస్తూనే ఉంది. అయిదుగురు పైలట్లు సుమారు 50 నిమిషాలు దాన్ని చదివారు. పోయినవాటి జాబితా ఎక్కడా తెగట్లేదని కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ లెక్కను తిరగేశాడు: ఇంకా పనిచేస్తున్నవేమిటో చూద్దాం అని. సింగపూర్ కంట్రోల్ వాళ్లకు కావల్సిన చోట, కావల్సినంతసేపు గాల్లో ఉండనిచ్చింది. 469 మందీ దిగారు. దిగాక కూడా ఒక ఇంజిన్ ఆఫ్ కాలేదు. ఫైరింజన్లు గంటలకొద్దీ నీళ్లు, నురగ కొడితే గాని అది ఆగలేదు.

ఇంత నేర్చుకున్నాక కూడా మాటకు టైము చాలని సందర్భాలు ఉంటాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ బయల్దేరిన ఎయిర్ ఇండియా 171, ప్రాథమిక నివేదిక ప్రకారం, మధ్యాహ్నం 1 గంట 38 నిమిషాల 39 సెకన్లకు నేల విడిచింది. క్షణాల్లోనే రెండు ఇంజిన్లకూ ఇంధనం ఆగిపోయింది. 1 గంట 39 నిమిషాల 5 సెకన్లకు ‘మేడే, మేడే, మేడే’ అన్న పిలుపు టవర్‌కి చేరింది. క్రాయ్‌డన్‌లో పుట్టిన మాటే, నియమం ప్రకారం మూడుసార్లు. ఏ విమానమో చెప్పమని కంట్రోలర్ అడిగారు. జవాబు రాలేదు. విమానాశ్రయం గోడ అవతల అది కూలడం కంటితో చూసి, అత్యవసర దళాలను అప్రమత్తం చేశారు.